థాయిలాండు అంగడిలో వింత ఆహారాలు

ఏది తినదగినది, ఏది తినరానిది అనే ప్రశ్నకు మానవజాతి ఎన్నడూ ఒకే సమాధానం చెప్పలేదు. ఒక దేశంలో విందు భోజనమనిపించుకున్న వస్తువు మరొక దేశంలో చూడడానికే రోత కలిగిస్తుంది. ఎండురొయ్యల పొడి వేడి అన్నంలో కలుపుకొని తృప్తిగా తినే మనిషి, వేయించిన మిడతను పళ్ళెంలో చూడగానే ముఖం తిప్పుకుంటాడు. జంతుశాస్త్రం దృష్టిలో రొయ్యా మిడతా రెండూ సంధిపాదులే. అనగా, కీళ్ళున్న కాళ్ళూ, గట్టి పైపెంకూ కల జీవులే. నీటిలో ఉన్న చుట్టం రుచించి, గట్టుమీద ఉన్న చుట్టం రోత పుట్టించడానికి కారణం ఏమిటి? ఆ రోత మనకు రాబోయే అపాయాన్ని పసిగట్టి చెప్పే హెచ్చరికా, లేక అలవాటు నేర్పిన పక్షపాతమా? ఈ ప్రశ్నను పరిశీలించదలచిన ప్రయాణికుడికి థాయిలాండు దేశపు అంగడి చక్కని పాఠశాల.

ఆ దేశపు ఉత్తర భాగంలో, పింగ్ నది ఒడ్డున, చియాంగ్ మై అనే పాత రాజధాని ఉన్నది. అక్కడి వరోరోత్ అంగడికి ఆ నగరాన్ని ఏలిన ఒక రాజు పేరు పెట్టారు. స్థానికులు దానిని పెద్ద అంగడి అనే అర్థం వచ్చే మాటతో పిలుస్తారు. కూరగాయలు, ఎండుచేపలు, మిరపకాయలు, పచ్చళ్ళు, పూలు అన్నీ అక్కడ కుప్పలుగా ఉంటాయి. వాటి నడుమ వెడల్పాటి పళ్ళేలలో వేయించిన పురుగులు కూడా కన్పిస్తాయి: తెల్లని వెదురు పురుగులు, గోధుమరంగు పట్టుపురుగు ప్యూపాలు, మిడతలు, మన ఊళ్ళలో ఇలకోడి అని పిలిచే కీచురాళ్ళు. ఇటువంటి పళ్ళేలు బాంకాక్ నగరపు ఖ్లాంగ్ తోయి అంగడిలోను, కంబోడియా సరిహద్దున ఉన్న రోంగ్ క్లువా అంగడిలోను కూడా ఉంటాయి. కొత్తగా వచ్చిన విదేశీయుడు వాటిని చూసి, ఇది అనాదిగా మార్పులేకుండా వస్తున్న ఆచారమని అనుకుంటాడు. అది సగం మాత్రమే నిజం. ఆ పళ్ళేలలో కొన్ని నిజంగా ప్రాచీనమైనవి. కొన్నింటి వయస్సు అర్ధశతాబ్దం కూడా లేదు.

చూచి వ్రాసినవారు

థాయిలాండుకు 1939 వరకు సయాము అని పేరు. 17వ శతాబ్దంలో దాని రాజధాని అయుత్థయ. ఫ్రాన్సు రాజు పదునాలుగవ లూయీ పంపిన రాయబారి సిమోన్ ద లా లూబేర్ 1687లో అక్కడికి వెళ్ళి, కొద్ది నెలలుండి, తాను చూచినదంతా ఒక గ్రంథంగా వ్రాశాడు. ఆ గ్రంథం 1691లో పారిస్‌లో అచ్చయినది. సయాము ప్రజలు కొంచెం అన్నంతో, ఎండుచేపతో, ఉప్పుచేపతో హాయిగా పొట్ట నింపుకుంటారనీ, మాంసం తినడం చాల అరుదనీ అతడు గమనించాడు. రొయ్యలను ఉప్పువేసి మాగబెట్టి చేసే కపి అనే ముద్దను గూర్చి చెప్పాడు. వారి సంతలలో కాల్చిన పురుగులు అమ్ముతారనీ, మాంసపు దుకాణాలు మాత్రం లేవనీ కూడా వ్రాశాడు. మూడు వందల యేండ్ల నాటి ఈ మాటవల్ల, అంగడిలో పురుగులు అమ్మడం ఈనాటి యాత్రికులకోసం కల్పించిన వేడుక కాదని స్పష్టమవుతున్నది.

శాస్త్రజ్ఞులు ఈ విషయాన్ని పట్టించుకొన్నది 20వ శతాబ్దంలో. వారిలో ఏ. ఎఫ్. జి. కెర్ అనే ఐరిష్ వైద్యుడిని ముఖ్యంగా చెప్పుకోవాలి. ఇతడు 1902లో సయాముకు వచ్చి చియాంగ్ మైలో ప్రభుత్వ వైద్యుడుగా పనిచేశాడు. వైద్యం వృత్తి అయినా మొక్కలమీద మక్కువ ఎక్కువ. దేశమంతా తిరిగి వేలకొలది మొక్కల నమూనాలు సేకరించినందున థాయి వృక్షశాస్త్రానికి పితామహుడనే కీర్తి పొందాడు. ఆయన 1931లో సయాము ప్రజలు తినే కీటకాలను గూర్చి ఒక చిన్న వ్యాసం ప్రకటించాడు. మరుసటి యేడే, 1932లో, సాలెపురుగుల పరిశోధనలో పేరుపొందిన ఆంగ్లేయుడు డబ్ల్యు. ఎస్. బ్రిస్టో ఇదే విషయంపై లండనులోని కీటకశాస్త్ర సంఘపు పత్రికలో విపులంగా వ్రాశాడు. బ్రిస్టో తాను వ్రాసినవాటిలో అనేకం స్వయంగా రుచిచూశాడు. ప్రజలు ఈ పురుగులను గతిలేక తింటున్నారన్న అభిప్రాయం సరికాదనీ, ఇష్టపడే తింటారనీ అతడు తేల్చాడు.

గతిలేకపోవడం కారణం కాకపోయినా, భూమి స్వభావం మాత్రం ఒక కారణమే. కీటకాలను ఎక్కువగా తినేది దేశపు ఉత్తర, ఈశాన్య భాగాలలో. ఈశాన్య భాగాన్ని ఈసాన్ అంటారు. అది లావోస్ దేశాన్ని ఆనుకొని ఉన్న పీఠభూమి. నేల అంత సారవంతం కాదు; వాన కాలం ముగిసిన తరువాత సుదీర్ఘమైన పొడి కాలం వస్తుంది. సముద్రం దూరం. అటువంటి చోట బురద మడిలోని చిన్న చేప, గట్టుమీది మిడత, చెట్టుమీది చీమ, పేడకుప్పలోని పురుగు అన్నీ ఆహారపు లెక్కలోకి వచ్చాయి. ఏ నెలలో ఏది దొరుకుతుందో అక్కడి రైతుకు కంఠపాఠం.

కొన్ని పళ్ళేల చరిత్ర

అంగడిలో అందరి దృష్టినీ ఆకర్షించేది నీటినల్లి. బొద్దింక ఆకారంలో, దానికంటె చాల పెద్దదిగా, సుమారు మూడంగుళాల పొడవు ఉంటుంది. థాయి భాషలో మేంగ్‌డా అంటారు. శాస్త్రనామం లెథోసెరస్ ఇండికస్. పేరులోనే చెప్పినట్లు ఇది మన దేశంలోనూ ఉన్నది, మణిపురు మొదలైన ఈశాన్య రాష్ట్రాలలో దీనిని తింటారు కూడా. రాత్రిపూట చెరువుల వద్ద దీపం పెడితే ఎగిరివచ్చి వాలుతుంది. దీనిని కడుపు నింపుకోవడానికి కాక, సువాసన కోసం వాడతారు. మిరపకాయలు, వెల్లుల్లి, చేపపులుసు కలిపి నూరే నామ్ ఫ్రిక్ అనే పచ్చడిలో ఒక్క మగ పురుగును వేసి దంచితే పచ్చడి అంతా పండ్ల పరిమళంవంటి వాసన వేస్తుంది. ఆడ పురుగుకు ఆ వాసన లేదు. అందుచేత అంగడిలో మగదాని ధర ఎక్కువ.

ఈ వాసనకు మూలమేమిటో జర్మను రసాయనశాస్త్రజ్ఞుడు అడోల్ఫ్ బుటెనాంట్ 1957లో తెలుసుకొన్నాడు. మగ పురుగు రొమ్ముభాగంలోని గ్రంథులలో ఊరే హెక్సెనైల్ ఎసిటేట్ అనే పదార్థమే దానికి కారణం. ఆ పదార్థాన్ని కృత్రిమంగా చేయడం తెలిసినందువల్ల ఈనాడు పురుగు లేకుండానే దాని వాసనను చిన్న సీసాలలో పోసి అమ్ముతున్నారు. ఇదే బుటెనాంట్ 1959లో, సుమారు 5 లక్షల ఆడ పట్టుచిలుకల గ్రంథులనుంచి బాంబికాల్ అనే పదార్థాన్ని వేరుచేశాడు. ఆడ చిలుక మగ చిలుకను రప్పించుకొనేది దీనితోనే. ఒక జీవి తనజాతి జీవికి పంపే ఇటువంటి వాసన సందేశాలను ఫెరమోనులు అంటారు. రసాయన స్వరూపం తెలిసిన మొదటి ఫెరమోను బాంబికాల్. అంగడిలో నీటినల్లి పక్కనే పట్టుపురుగు ప్యూపాలు కూడా ఉంటాయి. దారం తీయడానికి కాయలను మరిగే నీటిలో వేసినప్పుడు లోపలి ప్యూపా ఉడికిపోతుంది. దానిని పారవేయక తింటారు. రసాయనశాస్త్రంలో ఒక కొత్త అధ్యాయాన్ని తెరచిన రెండు పురుగులు ఆ విధంగా ఒకే బల్లమీద అమ్ముడుపోతున్నాయి.

ఎండకాలంలో వచ్చే మరొక వస్తువు ఎర్రచీమల గుడ్లు. పేరు గుడ్లైనా వీటిలో చాలభాగం చీమల డింభకాలు, ప్యూపాలు. ఈ చీమ మన మామిడితోటలలో ఆకులను కలిపి గూళ్ళు కట్టి, చెట్టెక్కినవారిని కుట్టి తరిమే ఎర్రచీమే. పొడవాటి వెదురు గడకు బుట్ట కట్టి, గూటిని గుచ్చి కదిలిస్తే తెల్లని గుడ్లు బుట్టలో రాలుతాయి. పైకి ఎగబాకే చీమలను పిండి చల్లి వదిలిస్తారు. ఈ గుడ్లు కొంచెం పుల్లగా, వెన్నవలె మెత్తగా ఉంటాయి. ఇదే చీమతో చేసే పచ్చడి ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాలో ప్రసిద్ధం. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ చీమకు మానవచరిత్రలో ఇంకొక స్థానం కూడా ఉన్నది. క్రీ. శ. 304 నాటిదిగా చెప్పబడే ఒక చీనా గ్రంథంలో, నారింజ తోటలను పురుగులనుంచి కాపాడడానికి ఈ చీమల గూళ్ళను సంచులలో పెట్టి అంగడిలో అమ్మేవారని ఉన్నది. పురుగును పురుగుతో అణచే విధానానికి ఇది అతి ప్రాచీనమైన నిదర్శనం.

వెదురు పురుగు ఒక చిన్న చిలుక డింభకం. వెదురు కణుపు లోపల గుంపుగా నివసిస్తుంది. వేయించినప్పుడు పొడవుగా, పెట్టెలు పెట్టెలుగా కన్పించడంచేత థాయి ప్రజలు సరదాగా దానికి ఎక్స్‌ప్రెస్ రైలు అని పేరు పెట్టారు. దక్షిణ థాయిలాండులో సాగో తాటి మొద్దులలో పెంచి అమ్మే లావుపాటి డింభకం మన కోనసీమ రైతుకు బాగా తెలిసినదే. కొబ్బరిచెట్టు మొవ్వు తొలిచి చంపే ఎర్రముక్కు పురుగు అదే. ఇక్కడ శత్రువు, అక్కడ పెంపుడు జంతువు.

పంటకు తెగులు, పళ్ళేనికి విందు

శత్రువు ఆహారంగా మారిన కథలలో మిడత కథ మిక్కిలి ఆసక్తికరమైనది. దీని శాస్త్రనామం పతంగా సక్సింక్టా. సంస్కృతంలోని పతంగ శబ్దమే ఈ పేరులో ఉన్నది. మనవారు దీనిని బొంబాయి మిడత అంటారు. 1901 నుంచి 1908 వరకు మన దేశంలో పంటలను నాశనం చేసినది ఇదే. థాయిలాండులో అడవులు కొట్టి మొక్కజొన్న సాగు విస్తరించిన తరువాత ఈ మిడతకు అంతులేని మేత దొరికినది. 1970 దశకంలో దండులు విపరీతంగా పెరిగాయి. విమానాలతో కీటకనాశక మందులు చల్లినా ఫలితం లేకపోయినది.

అప్పుడు ప్రభుత్వాధికారులు వేరు మార్గం త్రొక్కారు. 1978 నుంచి 1981 వరకు, మిడతలను పట్టి తినవలసిందిగా ప్రజలలో ప్రచారం చేశారు. ఈసాన్ ప్రజలకు మిడత తినడం కొత్త కాదు. కాని దేశమంతటా అది ఒక చిరుతిండిగా వ్యాపించినది ఈ ప్రచారం తరువాతనే. రాత్రిపూట వలలతో మిడతలు పట్టడం ఒక వృత్తి అయినది. నూనెలో కరకరలాడేటట్లు వేయించిన మిడతకు గిరాకీ పెరిగినది. ఒకప్పుడు మొక్కజొన్నను కాపాడడానికి మిడతను చంపేవారు. తరువాత కొందరు రైతులు మిడతలు వచ్చి వాలడానికే మొక్కజొన్న వేసే స్థితి వచ్చినది. ఈనాడు అక్కడ ఆ మిడత పెద్ద తెగులు కాదు. ప్రయాణికుడు అనాది ఆచారమనుకొనే ఆ పళ్ళెం వెనుక ఒక వ్యవసాయ సంక్షోభమూ, ఒక ప్రభుత్వ ప్రచారమూ ఉన్నాయన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పక తప్పదు. మందు చల్లిన పొలంలో పట్టిన మిడతలో ఆ మందు కూడా ఉంటుంది. ఆహారం పొలంలో దొరికినంత మాత్రాన శుద్ధమైనది కాదు. పురుగులకు గిరాకీ పెరిగేకొద్దీ వాటిని పట్టడంకంటె పెంచడం మేలని తోచడానికి ఇది ఒక కారణం.

పెంపకంలో ముందడుగు వేసినది ఈసాన్‌లోని ఖోన్ కేన్ విశ్వవిద్యాలయం. 1998 ప్రాంతంలో అక్కడి కీటకశాస్త్రజ్ఞులు ఇలకోళ్ళను పెంచే పద్ధతిని రైతులకు నేర్పారు. ఇటుకలతోను సిమెంటుతోను కట్టిన తొట్లలో, కోడిగ్రుడ్లు పెట్టే అట్టలను నిలువుగా పేర్చుతారు. పురుగులు వాటి సందులలో దాగి పెరుగుతాయి. వరిపొట్టు వంటివి నింపిన చిన్న గిన్నెలలో గ్రుడ్లు పెడతాయి. కోళ్ళ దాణా, కూరగాయల ఆకులు మేత. సుమారు ఆరేడు వారాలలో పంట చేతికి వస్తుంది. మన పూర్వులు ఈ పురుగుకు ఇలకోడి అని పేరు పెట్టినప్పుడు, ఒకనాడు దీనిని నిజంగానే కోళ్ళవలె పెంచుతారని ఊహించి ఉండరు. ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 2013లో ప్రకటించిన నివేదిక ప్రకారం థాయిలాండులో సుమారు 20,000 ఇలకోళ్ళ పెంపక కేంద్రాలు ఏటా సగటున 7,500 టన్నుల పురుగులను ఉత్పత్తి చేస్తున్నవి. 2017లో అక్కడి ప్రభుత్వం ఈ కేంద్రాలకు శుభ్రత, మేత, నీరు మొదలైన విషయాలలో ప్రమాణాలు ఏర్పరచినది. 2022లో యూరోపియన్ యూనియన్ ఇంటి ఇలకోడిని ఆహారంగా అమ్మడానికి అనుమతించినది.

పోషకాహార దృష్టితో చూస్తే ఈ శ్రద్ధకు కారణం ఉన్నది. పచ్చి ఇలకోడిలో నూటికి సుమారు 20 పాళ్ళు మాంసకృత్తులుంటాయి. ఇది మాంసంతో సరితూగే లెక్క. ఒక కిలోగ్రాము బరువు పెరగడానికి ఇలకోడికి రెండు కిలోగ్రాములకు మించని మేత చాలును. పశువుకు పది కిలోగ్రాముల వరకు కావలసివస్తుంది. ఎందుకనగా, పశువు తాను తిన్న దానిలో చాలభాగం ఒంటి వేడిని నిలుపుకోవడానికే ఖర్చుచేస్తుంది. పురుగుకు ఆ ఖర్చు లేదు. దాని ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలి వేడినిబట్టి మారుతుంది. ఐతే రొయ్యలు పడనివారికి పురుగులు కూడా పడకపోవచ్చును. రెండింటి కండరాలలోను ఒకే రకపు మాంసకృత్తు ఉండడమే దానికి కారణం. చుట్టరికం శాస్త్రజ్ఞుల పుస్తకాలలోనే కాదు, తిన్నవారి ఒంటిమీద దద్దురుల రూపంలో కూడా రుజువవుతుంది.

తెలుగువారికి కూడా ఈ విషయం పూర్తిగా పరాయిది కాదు. తొలకరి వాన కురిసిన సాయంత్రం పుట్టలనుంచి రెక్కలతో లేచి దీపం చుట్టూ ముసిరే ఉసిళ్ళను పట్టి, రెక్కలు చెరిగి, వేయించుకొని తినే అలవాటు మన పల్లెలలో కొందరికి ఉన్నది. అవి చెదపురుగులే. ఒక ఊరివారికే, ఒక వీధిలో ఆహారమైనది పక్క వీధిలో ఆహారం కాకపోవడం మనం ఎరిగినదే.

రోత పుట్టించని అపాయం

ఇంతవరకు రోత పుట్టించే పళ్ళేలను గూర్చి చెప్పుకొన్నాము. ఇక ఎవరికీ రోత పుట్టించని ఒక వంటకాన్ని చూద్దాము. ఈసాన్ ప్రాంతంలో మంచినీటి చేపలను సన్నగా తరిగి, నిమ్మరసం పిండి, కారం, ఉల్లి, సువాసన ఆకులు, వేయించి దంచిన బియ్యపు పొడి కలిపి, పొయ్యి మీద పెట్టకుండానే తింటారు. దీని పేరు కోయ్ ప్లా. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. పుల్లని వాసన నోరూరిస్తుంది. వేయించిన ఇలకోడిని చూసి వెనుదీసిన ప్రయాణికుడు కూడా దీనిని సంకోచించకుండా తినవచ్చును. కాని ఆ అంగడిలో నిజంగా భయపడవలసినది దీనికే.

ఈ సంగతి బయటపడిన చరిత్రలో మనకు మరల డాక్టరు కెర్ కన్పిస్తాడు. చియాంగ్ మై చెరసాలలో మరణించిన ఇద్దరు ఖైదీల కాలేయంలో దొరికిన చిన్న పురుగులను గూర్చి 1911లో లీపర్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ప్రకటించాడు. తరువాత కెర్ అదే చెరసాలలోని 230 మంది ఖైదీలను పరీక్షించి, నూటికి 17 మందిలో ఈ పురుగు ఉన్నదని 1916లో వెల్లడించాడు. జనం తినే పురుగుల జాబితా తయారుచేసిన మనిషే, జనాన్ని లోపలనుంచి తినే పురుగును కూడా లెక్కపెట్టాడు.

ఈ పురుగు ఆకువలె పలుచగా, సెంటీమీటరుకు మించని పొడవుతో ఉంటుంది. శాస్త్రనామం ఒపిస్థార్కిస్ వివెర్రిని. కాలేయపు పురుగు అందాము. పేరులోని రెండవ మాటకు మూలం చేపలు పట్టి తినే ఒక అడవిపిల్లి శాస్త్రనామం. 1886లో పోరియే అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఈ పురుగును మొదట వర్ణించినది ఆ పిల్లిలోనే. కాకినాడ దగ్గర కోరింగ మడ అడవులలో తిరిగే నీటిపిల్లి కూడా ఆ జాతిదే. సయాములో మనుష్యులలో దొరికిన పురుగును చాలకాలం వేరొక జాతిగా భావించారు. 1955లో సాడన్ జరిపిన పరిశీలన, ఆపైన వచ్చిన పరిశోధనలు అది వివెర్రిని జాతేనని నిర్ధారణ చేశాయి.

దీని జీవితచక్రం మూడు మజిలీల ప్రయాణం. మనిషి మలంతోపాటు బయటకు వచ్చిన గ్రుడ్లు మడులలోకి, చెరువులలోకి చేరుతాయి. అక్కడ బిథీనియా అనే చిన్న నత్త వాటిని మింగుతుంది. నత్తలో పెరిగి, రూపం మార్చుకొని, తోకతో ఈదగల డింభకాలుగా బయటకు వస్తాయి. అవి మన పరిగెల కుటుంబానికి చెందిన చేపల కండలోకి చొచ్చుకొనిపోయి, చుట్టూ ఒక గట్టి పొర కట్టుకొని నిద్రిస్తాయి. ఆ చేపను మనిషిగాని, పిల్లిగాని, కుక్కగాని పచ్చిగా తింటే, పొర విడిపోయి పురుగు బయటపడి పిత్తనాళాలలోకి ప్రాకుతుంది. అక్కడ పదేళ్ళకు పైగా కూడా జీవించగలదు.

నిమ్మరసంలో నానితే చేప ఉడికినట్లే కదా అని చాలమంది నమ్మకం. నిమ్మపులుపు తగిలి చేప మాంసం తెల్లబడి గట్టిపడేమాట నిజమే; వేడి తగిలినప్పుడు జరిగే మార్పువంటిదే అది. కాని చేపలోని డింభకం తన పొరను కట్టుకొన్నదే మన జీర్ణాశయంలోని పులుపును దాటడానికి. జీర్ణాశయపు ఆమ్లం నిమ్మరసంకంటె తీవ్రమైనది. దానిని దాటి, తరువాతి ప్రేగు భాగానికి చేరిన పిమ్మటనే పురుగు తలుపు తీసుకొని వస్తుంది. కాబట్టి నిమ్మరసం దానికి ఒక లెక్క కాదు. కారమూ అంతే, సారాయీ అంతే. హెచ్చు ఉప్పు వేసి నెలల తరబడి మాగబెట్టిన ప్లా రా అనే చేపల పచ్చడిలో ఈ డింభకాలు చాలవరకు చచ్చిపోతాయి. అపాయమంతా పచ్చిచేపలోను, కొద్ది రోజులే మాగబెట్టిన వాటిలోను ఉన్నది. నాసిక పుటాలు అదిరేటట్లు వాసన వేసే ప్లా రా కంటె, చూడముచ్చటగా ఉండే కోయ్ ప్లా ప్రమాదకరమైనదన్నమాట.

కొద్ది పురుగులు చేరితే మనిషికి ఏమీ తెలియదు. అసలు చిక్కు అక్కడే ఉన్నది. తిన్న రాత్రే కడుపునొప్పి వచ్చి ఉంటే జనం ఏనాడో మానివేసేవారు. పురుగులు ఏండ్ల తరబడి పిత్తనాళపు గోడలను ఒరిపిడి పెట్టి వాపు కలిగిస్తాయి. ఇరవై, ముప్పై యేండ్ల తరువాత కొందరిలో ఆ వాపు కాన్సరుగా పరిణమిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కాన్సరు పరిశోధన విభాగం 1994లో ఈ పురుగును మనుష్యులలో కాన్సరు కలిగించే నిశ్చితమైన కారణాలలో చేర్చినది. పిత్తనాళపు కాన్సరు ప్రపంచంలో అత్యధికంగా నమోదైన ప్రాంతం ఖోన్ కేన్. ఇలకోళ్ళ పెంపకానికి పేరుపొందిన పట్టణం అదే. తాత తిన్న కోయ్ ప్లాకు, తాతకు వచ్చిన కామెర్లకు నడుమ ముప్పై యేండ్లు గడిచినందున, ఒకదానికి మరొకటి కారణమని కుటుంబం ఊహించలేకపోయినది.

ఆ రెంటినీ కలిపి చూపినది లెక్కలు. 1980-81లో జరిగిన సర్వేలో దేశమంతటా నూటికి 14 మందిలో, ఈశాన్యంలో 34.6 మందిలో ఈ పురుగు కన్పించినది. ప్రాజిక్వాంటెల్ అనే మందు వచ్చిన తరువాత పురుగును చంపడం సులభమైనది. కాని మందు మ్రింగినవాడు మరల పచ్చిచేప తింటే మరల పురుగు చేరుతుంది. అందుచేత మందుతోపాటు, ఈసాన్ పచ్చిచేప తినదు అనే అర్థం వచ్చే నినాదంతో ప్రచారం సాగించారు. వంటకాన్ని మానవలసిన పని లేదు. అవే దినుసులతో, అదే నిమ్మరసంతో, చేపను మాత్రం ఉడికించి తినమన్నారు. మరుగుదొడ్ల నిర్మాణం, బడిపిల్లలకు బోధన కూడా జరిగినవి. 2009 సర్వేలో దేశమంతటా 8.7 మందికి, ఈశాన్యంలో 16.6 మందికి ఈ సంఖ్య తగ్గినది. తగ్గినదే కాని తొలగలేదు. పచ్చిచేప రుచి బాల్యంనుంచి అలవడినది. పొలంలో పని ముగించి పదిమందీ కూర్చొని తినే పళ్ళెం అది. రుచితోపాటు స్నేహాన్ని కూడా వదులుకొమ్మన్నట్లు తోచినప్పుడు, ఎంత మంచి సలహా అయినా చెవికి ఎక్కడం కష్టం.

అంగడిలో అడగవలసిన ప్రశ్నలు

రోత ఒక కొలబద్ద కాదని ఈ చరిత్ర మనకు చెబుతున్నది. లా లూబేర్ చూచిన కాల్చిన పురుగు మూడు శతాబ్దాలుగా జనానికి బలమిస్తూ వచ్చినది. పొలానికి శత్రువైన మిడత మూడు నాలుగేండ్ల ప్రచారంతో చిరుతిండి అయినది. ఎవరి కంటికీ వింత కాని చిన్న చేప ఒక ప్రాంతపు ప్రజల ఆయుర్దాయాన్ని హరించినది. ఈ మూడింటినీ కంటిచూపుతో వేరుచేయడం ఎవరి వల్లా కాదు. చెరసాలలోని ఖైదీలను ఒక్కొక్కరినీ పరీక్షించినవాడి ఓపిక దానికి కావలసివచ్చినది.

కనుక థాయిలాండు అంగడికి వెళ్ళే ప్రయాణికుడు ఈ వస్తువు చూడడానికి ఎట్లున్నదని అడగనక్కరలేదు. ఇది ఎక్కడనుంచి వచ్చినది, మందు చల్లిన పొలంనుంచా లేక పెంచిన తొట్టినుంచా? ఎప్పుడు వండినది, పొద్దుటనుంచి ఎండలో ఉన్నదా? నాకు రొయ్యలు పడతాయా? అన్నింటికంటె ముఖ్యంగా, దీనికి నిప్పు తగిలినదా? ఈ ప్రశ్నలకు సమాధానాలు సరిగా ఉంటే ఇలకోళ్ళ పొట్లం కొనుక్కోవడానికి సందేహించవలసిన పని లేదు. తినాలో వద్దో తరువాత ఎవరి ఇష్టం వారిది. నిమ్మరసంలో మెరిసే పచ్చిచేప పళ్ళేన్ని మాత్రం, వడ్డించినవారు ఎంత ఆప్యాయంగా అందించినా, దండం పెట్టి పొయ్యి మీదికి పంపమనడమే మంచిది.